మాస్టారు మారితే కర్ర పట్టు కూడా మారాలా?

ప్రశ్న: మావాడు స్కూల్ బ్యాండ్‌లో సైడ్ డ్రమ్ కొడతాడండి, ఆగస్టు 15కి ఇంకా నెలే ఉంది, పాత మాస్టారు మానేశారు, కొత్తాయన వచ్చీ రాగానే ఎడంచేతి పట్టు మార్చమంటున్నారు, వీడేమో బూటు లేసు కట్టుకోవాలన్నా బొటనవేలు నొప్పంటున్నాడు. ఏం చెయ్యమంటారు?
– ఓ అమ్మ, పటమట, విజయవాడ

జవాబు: రెండు పట్లూ కరెక్టేనమ్మా. పూర్వం డ్రమ్ము బెల్టుకి వేలాడేసి నడిచేవాళ్లు, అది ఓ పక్కకి ఒరిగేది, అందుకే ఎడం అరచెయ్యి పైకి తిప్పి పట్టుకోవడం వచ్చింది. ఇప్పుడు భుజాలకి తగిలించే క్యారియర్లో డ్రమ్ము తిన్నగా ఉంటుంది కాబట్టి రెండు చేతులూ ఒకేలా పట్టినా నడుస్తుంది. అమెరికా డ్రమ్ కోర్లలో (అంటే పోటీలకెళ్లే కవాతు బ్యాండ్లు) కూడా నేర్పే స్టాఫ్ మారితే ఇదే గోల, కాకపోతే అక్కడ మార్పులు ఎక్కువగా ఆగస్టులో ఫైనల్స్ అయ్యాకే, పెరేడ్ నెత్తిమీద పెట్టుకుని కాదు!

కాబట్టి 15 దాటేదాకా పాత పట్టే ఉంచమని మాస్టార్ని మర్యాదగా అడగండి, కొత్తది ఇంట్లో పాత రబ్బరు చెప్పు మీద రోజూ పది నిమిషాలు, మెల్లగా. నొప్పి తగ్గకపోతే డాక్టరుకి చూపించండి. ఓసారి ప్రాక్టీసుకీ వెళ్లండి, ఆయన పిల్లల్తో నెమ్మదిగా, చిన్న సౌండుతో కొట్టిస్తుంటే మంచి మాస్టారే దొరికారు.