కోర్టు ఆఫీసుకి వేరే న్యాయ సలహాదారు ఎందుకు? జడ్జి గారే ఉన్నారు కదా?

ఈ ప్రశ్న అడిగిన తమ్ముడు ఎల్ఎల్‌బీ చివరి ఏడాదిలో ఉన్నాడట. కోర్టు పరిపాలన చూసేవాళ్ళకి సొంతంగా ఒక లీగల్ అడ్వైజర్ అవసరమా, ఉంటే రోజూ ఏం చేస్తాడు, మన దగ్గర ఆ ఉద్యోగం ఉందా అని అడిగాడు. నేను లాయర్ని కాదు. మాది విజయనగరం. ఈ చుట్టుపక్కల కోర్టుల్లోనే 33 ఏళ్ళు పనిచేశాను, కాపీయిస్టుగా చేరి సూపరింటెండెంటుగా దిగాను. చట్టంలో ఏముందో చెప్పడానికి ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి నేను సైకిల్ స్టాండు గురించి చెబుతాను. నవ్వకండి, సమాధానం అక్కడే ఉంది.

ముందు "జడ్జి గారే ఉన్నారు కదా" అన్న మాట చూద్దాం. కోర్టులో రెండు రకాల పనులుంటాయి. పదిన్నరకి బెంచి ఎక్కి కేసులు వినడం ఒకటి. ఆ కోర్టు నడవడానికి ఫ్యాన్లు బాగు చేయించడం, జనరేటరుకి డీజిలు కొట్టించడం, అటెండర్ల సెలవులు, జెరాక్స్ మెషీను కాంట్రాక్టు, క్యాంటీను వేలం పాట, స్టాండు వేలం పాట, ఇదంతా రెండోది. ఈ రెండో పని చేసేటప్పుడు జడ్జి గారికీ ఎమ్మార్వో గారికీ పెద్ద తేడా లేదు, ఇద్దరూ ఆఫీసర్లే. మా సెక్షన్లో ఒకాయన "జడ్జిల మీద దావా పడదండీ, 1850 నాటి చట్టం ఉంది" అని బల్ల గుద్ది చెప్పేవాడు. చట్టం ఉన్న మాట నిజమే. అది తీర్పులు, ఉత్తర్వులు ఇచ్చే పనిని కాపాడుతుంది గానీ బకెట్లు కొనే పనిని కాపాడదు. పైగా ఆ బకెట్ల తగాదా రేపు తన ముందుకే రావచ్చు కాబట్టి జడ్జి గారు ఈరోజు దాని మీద సలహా చెప్పి కూర్చోకూడదు. అంటే ఆ బిల్డింగు మొత్తంలో చట్టం బాగా తెలిసిన ఒక్క మనిషినీ మనం అడగలేం.

ఇక స్టాండు సంగతి. రాష్ట్రం విడిపోకముందు మాట, ఊరి పేరు వద్దు. కాంపౌండులో స్టాండుకి ఏటా వేలం పాట, ఏప్రిల్ నుంచి మార్చి దాకా. ఆ ఏడు పాడుకున్నవాడు దగ్గర్లో పల్లె మనిషి, 12 వేలు ధరావతు కట్టాడు, నెలకి 2,500 కిస్తు. నాలుగైదు నెలలు సవ్యంగా కట్టాడు. తర్వాత కొత్త బ్లాకుకి పునాదులని స్టాండులో సగం జాగా తవ్వేశారు. మిగిలిన సగంలో పెట్టే బళ్ళు చాలావరకు వకీళ్ళవి, వాళ్ళు డబ్బులివ్వరు. ఇవ్వక్కర్లేదని ఏ కాగితంలోనూ లేదు, ఏ వకీలునడిగినా ఉందంటాడు. రెండు కిస్తులు బాకీ పడి, ఇక లాభం లేదని స్టాండు వదిలేసి ఆఫీసుకొచ్చాడు.

"బాబూ, ఆ రెండు నెలలదీ కోసీసుకోండి, మిగతాది ఇచ్చీండి. నాను ఎల్లిపోతాను."

అడిగింది న్యాయంగానే ఉందని హెడ్ క్లర్కు గారికీ తెలుసు, నాకూ తెలుసు. కానీ ఇవ్వొచ్చని ఫైల్లో రాసేదెవరు? మధ్యలో వదిలేస్తే ధరావతు జప్తు అని అగ్రిమెంటులో ఉంది. ఇచ్చేస్తే రేపు ఆడిట్ వాళ్ళొచ్చి ఎందుకిచ్చారంటారు, ఆ డబ్బు రాసినవాడి జీతంలోంచి రికవరీ. ఇవ్వకపోతే మాత్రం ఎవరూ ఏమీ అనరు. జప్తు చేసేశాం. నా సర్వీసులో చూసిన అన్యాయాల్లో ముప్పాతిక వంతు ఇలా ఆడిట్ భయంతో చేసినవే.

ఆ అగ్రిమెంటు తర్వాత తీసి చదివితే నాకు చెమటలు పట్టాయి. అంతకుముందు ఏడాదిది చూసి టైపు చేశారు, అది అంతకుముందుది చూసి. సైకిలుకి 25 పైసలు అని ఉంది. అప్పటికి ఆ బిళ్ళే చెలామణీలో లేదు. రేకుల షెడ్డు వేసి ఎన్నో ఏళ్ళయినా కాగితంలో మాత్రం "తాటాకు పాక". తగాదా వస్తే మున్సిఫ్ గారి నిర్ణయమే తుది అట. మున్సిఫ్ పేరు పోయి జూనియర్ సివిల్ జడ్జి అయిపోయింది సరే, పాట పాడించినవాడే తగువు తీర్చేవాడని ఎలా రాసుకుంటారు? ఏటా ఇద్దరు ముగ్గురు సంతకాలు పెట్టాం దాని మీద, నాతో సహా. ఒక్కరు చదివి ఉంటే కదా.

దసరా సెలవులకి రెండు రోజుల ముందు రిజిస్టరు పోస్టులో నోటీసు వచ్చింది. ప్రభుత్వం మీద దావా వేసేముందు సివిల్ ప్రొసీజర్ కోడు 80వ సెక్షన్ కింద రెండు నెలల గడువిచ్చి నోటీసు ఇవ్వాలి కదా, అది. కలెక్టరు గారికి ఒకటి, మాకొకటి. అందరి ధ్యాసా పైడితల్లమ్మ సిరిమాను మీద ఉంది, చుట్టాలొస్తున్నారు. తపాళ్ళలో ఆ కాగితం నా టేబులు మీదికి వస్తే, పాత స్టాండు గొడవే కదా అని మూల మీద "ఫైల్" అని రాసి లోపల పెట్టేశాను. ఆ అక్షరాలు నావే, ఇంకొకరి మీదికి తోసేది లేదు. తర్వాత కలెక్టరాఫీసు నుంచి వాస్తవాలు తెలియజేయండని లెటరొచ్చింది. అది కూడా అదే ఫైల్లోకి పోయింది. కూర్చుని ఆలోచించుకోండి, ఇవ్వాల్సిందుంటే ఇచ్చేయండి అని చట్టం ఇచ్చిన రెండు నెలలు మేము కార్తీక మాసం వనభోజనాలు చేసుకుంటూ గడిపేశాం.

సంక్రాంతి సెలవులయ్యాక ఒక మధ్యాహ్నం మా ప్రాసెస్ సర్వర్ వచ్చి నా టేబులు ముందు నిలబడ్డాడు. ఇరవై ఏళ్ళుగా సమన్లు పట్టుకుని ఊళ్ళు తిరిగే మనిషి. నవ్వాపుకుంటున్నాడో భయపడుతున్నాడో తెలియలేదు.

"సార్, సమన్లు."

"ఎవరికి?"

"మనకే సార్."

హెడ్ క్లర్కు గారికిమ్మన్నాను. ఆయన మీకిమ్మన్నారు సార్ అన్నాడు. పక్క టేబులుకి వెళ్ళాడు, అక్కడ నాకు సంబంధం లేదన్నారు. మళ్ళీ నా దగ్గరికే వచ్చి గొంతు తగ్గించి, "ఎవరూ తీసుకోపోతే గోడకి అంటించాలి కద సార్. మన గోడకే అంటించాలి" అన్నాడు. సంతకం పెట్టాను. అతను వెనక్కి తిప్పి "సర్వ్ చేయడమైనది" అని రాసి, రెండు టేబుళ్ళ అవతల ఉన్న క్లర్కుకి ఇచ్చాడు, ఆవిడ దానికి రిజిస్టరులో ఎంట్రీ వేసింది. ఊళ్ళో జనం సమన్లు తీసుకోకుండా దొడ్డిదారిన పోతారని మేము ఎంత తిట్టుకునేవాళ్ళమో, ఆ రోజు నాకు వాళ్ళ బాధ అర్థమైంది.

అక్కడితో అయిపోలేదు. మా ఆఫీసే ప్రతివాది, దావా పడింది మా కోర్టులోనే. నంబరు వేసిన ఫైలింగ్ క్లర్కు కూడా చూసుకోలేదు. జిల్లా జడ్జి గారు అదే సివిల్ ప్రొసీజర్ కోడు 24వ సెక్షన్ కింద ఇంకో ఊరి కోర్టుకి ట్రాన్స్‌ఫర్ చేశారు. దాంతో ఆ స్టాండు మనిషి ప్రతి వాయిదాకీ రెండు బస్సులు మారాలి. మా తరఫున ప్రభుత్వ ప్లీడరు గారి దగ్గరికి వెళ్తే పేరావారీ రిమార్కులు తెమ్మన్నారు. అంటే ప్లెయింటులో, అదే అతను వేసిన దావా కాగితంలో, ఒక్కో పేరాకీ మా జవాబు మేమే రాసివ్వాలి. రాసేవాడికి చట్టం తెలిస్తే ప్లీడరెందుకు? ఆ రిమార్కులు మూడుసార్లు రాశాను, మూడుసార్లూ వెనక్కొచ్చాయి. జవాబు దాఖలుకి 30 రోజులు, మహా అయితే 90 రోజులు. మేము ఎనభై దాటాక పెట్టాం. ఆ టెన్షన్లో నాకు షుగరు బయటపడింది, మా ఆవిడ ఇప్పటికీ దానికి సైకిల్ స్టాండు షుగరనే అంటుంది.

చివరికి లోక్ అదాలత్‌లో రాజీ. రెండు కిస్తులు 5 వేలు పోను మిగతా 7 వేలు వెనక్కి. అవార్డు కాగితం, అంటే లోక్ అదాలత్ ఇచ్చిన తీర్పు, ఉంది కాబట్టి ఆడిట్ నోరెత్తలేదు, అతని కోర్టు ఫీజు కూడా తిరిగొచ్చింది. బయటికొచ్చాక నాతో అన్నాడు, "ఆ దినం నాను అడిగింది ఇదే కద బాబూ." ఏం చెప్పను.

కాబట్టి తమ్ముడూ, సొంత న్యాయ సలహాదారు పనేమిటంటే ఇదీ. ఆ మొదటి రోజు ఫైల్లో ఎవరో ఒకరు, జాగా సగం మనమే తీసుకున్నాం, మనకి జరిగిన నష్టం రెండు కిస్తులే, కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ చూస్తే మొత్తం జప్తు నిలవదు, మినహాయించి ఇచ్చేయవచ్చు అని నాలుగు వాక్యాలు రాసి కింద సంతకం పెట్టి ఉంటే, దాని కింద హెడ్ క్లర్కు గారు పెట్టేవారు, దాని కింద జడ్జి గారు పెట్టేవారు. కోర్టుకెళ్ళి గెలిపించడానికి ప్లీడర్లున్నారు. మాకు లేనిది ముందు సంతకం పెట్టే మనిషి.

ఆ మనిషికి పని తక్కువేమీ ఉండదు. సమాచార హక్కు దరఖాస్తులే తీసుకోండి. కేసు కాగితాల నకళ్ళు ఆ చట్టం కింద అడుగుతారు. కోర్టు రూల్సు ఉన్నచోట వాటి ప్రకారమే నకలు తీసుకోవాలని సుప్రీంకోర్టు 2020 మార్చిలో చెప్పింది, కానీ స్టాండు పాట ఫైలు అడిగితే అది పరిపాలన సమాచారం, ఇవ్వాల్సి రావచ్చు. ఈ తేడా తెలియని గుమాస్తా రెండిటికీ ఒకే జవాబు రాస్తాడు. స్టాఫు మీద చార్జి మెమోలు, అంటే తప్పు చేశావని ఇచ్చే ఆరోపణ కాగితాలు, అవీ అంతే, డాక్యుమెంట్ల కాపీ ఇవ్వకుండా విచారణ నడిపేసి తర్వాత హైకోర్టులో కొట్టించుకోవడం. నకళ్ళ సెక్షన్లో దరఖాస్తు పెట్టిన తేదీ, ఛార్జీలు అడిగిన తేదీ, కట్టిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ స్టాంపు వేస్తారు. అప్పీలు గడువులోంచి ఆ కాలం తీసేయాలి కాబట్టి ఒక్క తేదీ తప్పు పడితే ఒకడి పొలం పోవచ్చు. ఇక్కడ నాదొక గోడు. నకలు ఆలస్యమైతే అందరూ కాపీయిస్టునే తిడతారు. ఛార్జీలు కట్టమని బోర్డు మీద లిస్టు పెడితే వకీలు గుమాస్తా టీ కొట్టు దగ్గర్నుంచి కదలడు, అది ఎవరికీ కనపడదు.

ఎవరిని పెట్టాలి అంటే, అదే కోర్టులో ప్రాక్టీసు చేసే వకీలుని మాత్రం వద్దు. సాయంత్రం ఆఫీసుకి సలహా చెప్పి, పొద్దున్న అదే జడ్జి గారి ముందు ఇంకొకరి కేసు వాదిస్తే చూసేవాళ్ళేమనుకుంటారు? రిటైరైన జడ్జి గారు కూడా వద్దంటాను, ఆయన్ని సలహా అడిగితే తీర్పు రాసిస్తారు. పూర్తి జీతం మీద ఉండే మనిషి కావాలి, వాళ్ళకి బార్ కౌన్సిల్ రూల్ 49 ప్రకారం ప్రాక్టీసు కుదరదు, అదే మంచిది. అయితే ఒకటి గుర్తుంచుకోండి, జీతం తీసుకునే సలహాదారుకి చెప్పిన మాటలకి వకీలుకి చెప్పిన మాటలకున్నంత రక్షణ లేదని సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో తేల్చింది. ఎల్ఎల్‌బీ చదువుకున్న కోర్టు స్టాఫు ఎంతోమంది ఉన్నారు, ఫైలు వాసన తెలిసినవాళ్ళు. వాళ్ళలోంచి ఒకర్ని తీసుకుంటే చాలని నా అభిప్రాయం. దీనికి ఎవరూ ఒప్పుకోరు, నాకు తెలుసు.

కోర్టు మేనేజర్లున్నారు కదా అంటారేమో. పదమూడో ఆర్థిక సంఘం డబ్బుతో, 2010 తర్వాత, ఎంబీయే చదివినవాళ్ళ కోసం పెట్టిన పోస్టులవి. పని తీరు చక్కబెట్టడానికి, చట్టం చెప్పడానికి కాదు. వాళ్ళ సర్వీసు రూల్సు పెట్టండని సుప్రీంకోర్టు 2025 మేలో కూడా హైకోర్టులకి చెప్పాల్సి వచ్చింది. ఇంగ్లండులో మెజిస్ట్రేటు పక్కన లీగల్ అడ్వైజర్ కూర్చుంటారు కదా అంటారేమో, అది వేరే సంగతి. అక్కడ చాలామంది మెజిస్ట్రేట్లు లా చదవని, జీతం లేని మామూలు మనుషులు, వాళ్ళకి కేసులో చట్టం చెప్పడానికి ఆ మనిషి. అమెరికాలో ఫెడరల్ కోర్టుల పాలన చూసే ఆఫీసులో మాత్రం న్యాయ సలహాకి విభాగమే ఉంది. మన దగ్గర హైకోర్టుకి స్టాండింగ్ కౌన్సిల్, అంటే దాని తరఫున కేసులు వాదించే వకీలు, ఉంటారు, రిజిస్ట్రార్లు జడ్జిలే. జిల్లాలో, తాలూకా ఊళ్ళో ఆ పేరుతో పోస్టు నేను చూడలేదు. ఉద్యోగం కోసం అడిగి ఉంటే, ముందు కోర్టులో జూనియర్ అసిస్టెంటు పరీక్ష రాసుకో తమ్ముడూ.

తర్వాతి ఏడాది అగ్రిమెంటు నేనే కూర్చుని కొత్తగా టైపు చేయించాను. 25 పైసలు తీసేశాను, తాటాకు తీసేశాను, మున్సిఫ్ గారిని కూడా తీసేశాను. వకీళ్ళ బళ్ళకి కూడా రుసుము వర్తించును అని ఒక లైను పెట్టబోతే హెడ్ క్లర్కు గారు పెన్సిలుతో కొట్టేశారు. "అది రాస్తే మనకి కావలసింది లీగల్ అడ్వైజర్ కాదయ్యా, పోలీసు బందోబస్తు" అన్నారు.