ఆ పిల్ల అన్నం తిన్నదా లేదా?

తమ్ముడూ,

నీ మెసేజ్ మొన్న రాత్రే చూశా, వెంటనే రిప్లై పెడదామనుకున్నా గానీ ఒకటి రెండు ముక్కల్లో తేలేది కాదని ఆగా. నువ్వు రాసిన షార్ట్ ఫిల్మ్‌ని గ్రౌండ్‌లో తెర కట్టి వేస్తున్నారు, ఇంకో అయిదు సినిమాలున్నాయి, తీసినవాళ్ళూ రాసినవాళ్ళూ అందరూ వస్తున్నారు, షో అయ్యాక పైకి పిలిచి మైకిస్తారు, అక్కడ ఏం మాట్లాడాలన్నా అని కదా అడిగావు. మైకు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ సాయంత్రం నీకు వేరే పనుంది. నీ సినిమా నువ్వు చూడకు, ఎడిట్‌లో చూసింది చాలు. తెరకి ఓ పక్కగా నేలమీద కూర్చుని జనం వైపు తిరుగు. తెర వెలుగు ముందు వరసల మొహాల మీద పడుతూ ఉంటుంది, ఎవడు ఫోన్ తీశాడు, ఎవడు పక్కోణ్ణి "ఏమన్నాడ్రా?" అని గోకాడు, అన్నీ తెలిసిపోతాయి. హాల్లో అయితే మధ్యలో లేవాలంటే పదిమంది కాళ్ళు తొక్కాలి కాబట్టి బోర్ కొట్టినా కూర్చుంటారు. ఆరుబయట ఆ మొహమాటం ఉండదు, టీకని లేచినవాడు మళ్ళీ రావాలని రూలేం లేదు.

ఆరుబయట వేసేటప్పుడు రెండు మూడు సంగతులు ముందే తెలిసుంటే మంచిది. మే నెల అన్నావు, మన హైదరాబాద్‌లో అప్పుడు సూర్యుడు దిగేసరికే సాయంత్రం 6:40 అవుతుంది, ఇంకో అరగంటకి గానీ సరిగ్గా చీకటి పడదు. 7 కల్లా మొదలెట్టేస్తే మొదట పడే సినిమా సగం వెలుతుర్లోనే పోతుంది. ప్రొజెక్టర్ నలుపుని వెయ్యలేదు తమ్ముడూ, వెలుగు పడని చోటే నలుపు, ఆ గుడ్డ మీద వీధిలైటు పడిందంటే నీ నలుపంతా బూడిద రంగే. నీ కథలో సగం రాత్రి సీన్లే కాబట్టి సిగ్గుపడకుండా అడిగి మూడోదో నాలుగోదో వేయించుకో. ఇక సౌండ్. గోడల్లేవు, తిరిగొచ్చేదేం ఉండదు, స్పీకర్ నుంచి దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబుల్స్ పడిపోతుంది, వెనక వరసకి నీ గుసగుసలేవీ చేరవు.

ఈ గుసగుసల దగ్గరే నేను దెబ్బతిన్నా. ఊరూ పేరూ వద్దులే, ఓ చిన్న టౌన్‌లో ఇలాగే తెర కట్టారు, నేను రాసింది పద్నాలుగు నిమిషాల సినిమా. సిటీ నుంచి రాత్రిపూట ఇంటికొచ్చేసిన కూతురు, తల్లి, వాళ్ళిద్దరి మధ్య గొడవ. చివర్లో కూతురు తల్లి చెవిలో ఓ మాట చెప్తుంది, కథంతా ఆ ఒక్క మాట మీదే నిలబడుంది, దాన్ని రెండు నెలలు చెక్కా. సరిగ్గా ఆ టైముకి పక్క రోడ్డు మీద పెళ్ళి బారాత్ వచ్చింది, బ్యాండూ డీజే రెండూనూ. ఒక్కరికీ వినపళ్ళేదు. నాకు ఒళ్ళు మండిపోయి, మైకు ఇవ్వగానే పది నిమిషాలు పట్టుకుని ఆ మాటేంటి, అదెందుకు అంది, వెనకున్న ఆలోచనేంటి అని మొత్తం వివరించా. జనం బుద్ధిగా విన్నారు. అయ్యాక, పక్కన బుట్టలో పల్లీలు అమ్ముకుంటున్న పెద్దావిడ, ప్రశ్నల కోసం కూర్చున్న మనిషి కూడా కాదు, అక్కడ్నించే అడిగింది, "అదంతా సరే బాబూ, ఇంతకీ ఆ పిల్ల అన్నం తిన్నదా లేదా?"

నాకు సమాధానం తెలీదు. తల్లి మూడో నిమిషంలో కంచం పెడుతుంది, తర్వాత గొడవ మొదలవుతుంది, ఆ కంచం ఫ్రేములో ఓ మూల అలాగే ఉండిపోతుంది ఆఖరి దాకా, అన్నం మీద పప్పు ఎండిపోయి పొరకట్టింది కూడా కనిపిస్తుంది. అది నేను రాసింది కాదు, స్క్రిప్టులో "భోజనాల వేళ" అని రెండు మాటలే ఉన్నాయి, సెట్లో ఎవరో కుర్రాడు తెచ్చి పెట్టాడు. ఆవిడ పద్నాలుగు నిమిషాలూ ఆ కంచాన్నే చూస్తూ కూర్చుంది. అప్పట్నించీ సీన్‌లో ఎవరు తిన్నారో ఎవరు తినలేదో తెలీకుండా నేను కలం పట్టను.

డైలాగులు తీసెయ్యమని కాదు, నేను డైలాగులు రాసుకుని బతికినోణ్ణే. అసలు నా మొదటి సినిమాలన్నీ తెర వెనక నుంచి చూసినవే. గుంటూరు జిల్లాలో మా ఊరికి గవర్నమెంటు పబ్లిసిటీ జీపు వచ్చేది, బడి ముందు రెండు గుంజలకి తెల్లగుడ్డ కట్టి మలేరియా, కుటుంబ నియంత్రణ, వరి తెగుళ్ళ మీద చిన్న చిన్న సినిమాలు వేసేవాళ్ళు. ముందు పెద్దవాళ్ళు, మాకు చోటుండేది కాదు, అటువైపు కూర్చునేవాళ్ళం. బొమ్మ తిరగబడి కనిపించేది, అందరూ ఎడం చేత్తో అన్నం తింటూ ఉండేవాళ్ళు, అక్షరాలు అద్దంలో లాగా, స్పీకర్ ముందుకి తిరిగుంటే మాకు సగం మాటలు వినపడేవి కావు. అయినా దోమ గుడ్లు ఎక్కడ పెడుతుందో నాకు ఇప్పటికీ గుర్తే. నీ సినిమాని ఓసారి మ్యూట్‌లో పెట్టి మీ అమ్మగారు కూర తరుగుతున్నప్పుడు పక్కన ప్లే చెయ్యి, కత్తిపీట ఆపి చూసిందంటే ఆ సీన్ రాసుకో, ఆపకపోతే అదీ రాసుకో. (ఇలా ఆరుబయట పొట్టి సినిమాలు వెయ్యడం ఏదో కొత్త ట్రెండ్ అని మీవాళ్ళు పోస్టర్ మీద వేశారు గానీ, రఘుపతి వెంకయ్య నాయుడు గారు 1910 ప్రాంతంలో బొమ్మతో పాటు సౌండూ వినిపించే క్రోనోమెగాఫోన్ అనే మెషిన్ కొని టెంట్లేసుకుని బర్మా దాకా తిరిగి చూపించినవీ పొట్టి సినిమాలే.)

ఇప్పుడు మైకు. కెమెరా ఏది, బడ్జెట్ ఎంత, ఓటీటీలో ఎప్పుడొస్తుంది, ఇవి ఎలాగూ వస్తాయి, డైరెక్టర్‌కి వదిలెయ్. ప్రశ్న అడుగుతానని ఐదు నిమిషాలు సొంత కథ చెప్పేవాడు ఒకడు ఉంటాడు, విను, వాడి కథలో ఏదైనా దొరకొచ్చు. నీ వంతు వచ్చినప్పుడు మాత్రం "ఇక్కడ మేం చెప్పాలనుకున్నదేంటంటే" అని మొదలుపెట్టకు, పల్లీలమ్మే ఆవిడ నవ్వుతుంది.

ఇంకోటి, ఇది కొంచెం కోపంగానే చెప్తున్నా. నీ సినిమా అయ్యాక నీ ఫ్రెండ్స్ బ్యాచ్‌ని వెంటేసుకుని బిర్యానీకి పోకు. ఓ షోలో ఒకమ్మాయి సినిమా ఆఖర్న పడింది, అప్పటికి ముందు టీములన్నీ ఎవరి గుంపుని వాళ్ళు తీసుకుని సెల్ఫీలు దిగి వెళ్ళిపోయారు, సినిమా నడుస్తుండగానే వెనక ప్లాస్టిక్ కుర్చీలు ఒకదానిమీదొకటి టకటకమని పేర్చేస్తున్నారు. ఆ అమ్మాయి మైకు తీసుకుని "థాంక్యూ" అని మాత్రం అని ఇచ్చేసింది. ఆ రోజు పడ్డ ఆరు సినిమాల్లో బాగున్నది అదొక్కటే, చూసింది తొమ్మిదిమందిమి.

దోమలుంటాయి, ఫుల్ హ్యాండ్స్ వేసుకో. నేనొస్తా, పైకి పిలవమని మాత్రం మీవాళ్ళకి చెప్పకు. మామూలు తెల్లగుడ్డే కడుతున్నారన్నావు కదా, దాని వెనక్కాల నాకో కుర్చీ వేయించు, సామాన్లు పడేసి చోటంతా నింపెయ్యకుండా చూడు.

మీ అన్న