కమాన్ కట్టకు ఇంకో పట్టీ వేయించాలా?

ప్రశ్న: పాడేరు దగ్గర రాళ్ల బాటల్లో పికప్‌తో పసుపు, అల్లం దించుతుంటాం. వెనక కమాన్ కట్టకు (ఇరుసు మీద బండి బరువు మోసే స్ప్రింగు) 5 ఉక్కు పట్టీలు. లోడుంటే ఇరుసు పైనున్న బంప్ రబ్బరుకు (దెబ్బ ఆపే దిమ్మ) కొడుతోంది, ఖాళీగా వస్తే నడుం విరుగుతోంది. మెకానిక్ ఆరో పట్టీ వేద్దామంటున్నాడు. వేయించమంటారా?
– ఒక పాఠకుడు

జవాబు: తొందరపడకండి. ఆరో పట్టీ లోడు బాధ తగ్గిస్తుంది, ఖాళీ బండి కుదుపు పెంచుతుంది. అంతే మందం, దాదాపు అంతే పొడవున్న పట్టీ కలిపితే కట్ట సుమారు 20 శాతం గట్టిపడుతుంది. 7 మి.మీ. పట్టీ తీసి 8 మి.మీ.ది వేస్తే ఆ ఒక్క పట్టీ గట్టిదనమే దాదాపు 50 శాతం పెరుగుతుంది. 'మందంది వేసేద్దాం' అనే మాటకు లొంగొద్దు.

ముందు చదును నేల మీద ఖాళీ బండి నిలిపి, చక్రం నడిమి నుంచి తొట్టి అంచు దాకా రెండు వైపులా కొలవండి. ఒకవైపు కుంగితే ఏదో పట్టీ విరిగి ఉండొచ్చు. రెండూ కుంగి, వంపు పోయి ఉంటే కొత్త కట్టలు జతగా మార్చాలి. పాత పట్టీని కొలిమిలో కాల్చి వంచితే టెంపర్ (ఉక్కుకున్న స్ప్రింగు గుణం) పోతుంది, మళ్లీ కుంగుతుంది.

వంపు బాగుంటే హెల్పర్ పట్టీ మేలు. లోడు పడ్డాకే తగులుతుంది కనుక ఖాళీ ప్రయాణం చెడదు. ఇక ఆ కుదుపు సంగతి. పట్టీల మధ్య తుప్పు పట్టి, ఒకదాని మీద ఒకటి జారక కట్ట మొద్దులా మారుతుంది. విప్పి, వైరు బ్రష్‌తో రుద్ది, గ్రాఫైట్ గ్రీజు పలచగా రాయండి. దట్టంగా పూస్తే దుమ్మంతా అక్కడే చేరుతుంది. షాక్ అబ్జార్బర్లు ఆయిల్ కారుతున్నాయేమో, ఖాళీ బండికి టైర్లలో లోడు గాలి ఉందేమో కూడా చూడండి.

బిగింపులో, కట్టను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులు కొత్తవే వాడాలి. నాలుగు నట్లూ ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించి, 500 కి.మీ. తిరిగాక మళ్లీ చూడాలి. అవి వదులైతే పట్టీలను కలిపి పట్టే సెంటర్ బోల్టు తెగి ఇరుసు పక్కకు జరుగుతుంది. కట్ట చివరను ఛాసిస్‌కు కలిపే షాకిల్ బోల్టుల చివరి బిగింపు చక్రాలు నేల మీద ఉన్నాకే. జాకీ మీద బిగిస్తే రబ్బరు బుష్ మెలిపడి త్వరగా చిరుగుతుంది.

ప్రశ్న: వెనక 2 అంగుళాలు ఎత్తు పెంచితే నష్టమా?

జవాబు: బ్రేకుకు లోడ్ సెన్సింగ్ వాల్వు (లోడును బట్టి వెనక బ్రేకు ఒత్తిడి మార్చేది) ఉంటే ఎత్తు పెరిగిన బండిని అది ఖాళీ బండి అనుకుంటుంది. లోడున్నా వెనక చక్రాలకు ఒత్తిడి తగ్గిస్తుంది. ఘాటు దిగేటప్పుడు ముందు బ్రేకులే మోయాలి. వాల్వు రాడ్డు సరిచేయించకుండా బండి బయటకు తీయకండి. బ్రేకు గొట్టం, షాక్ అబ్జార్బర్ పొడవు కూడా చాలాలి.