బిట్ వెక్టార్ పెరిగాక లెక్క ఎందుకు తప్పుతోంది?
నెల్లూరు జిల్లా అల్లూరు వైపు రొయ్యల గుంటలకు 0 నుంచి నంబర్లిచ్చి, ఏరియేటర్ (నీళ్లకు గాలి అందించే యంత్రం) తిరుగుతుంటే 1, ఆగితే 0 అని బిట్ వెక్టార్‌లో, అంటే 0, 1 బిట్ల వరుసలో, పెట్టానని మీరన్నారు. గుంటలు 1000 అయ్యేసరికి ఆగినవాటి లెక్క 24 ఎక్కువ వస్తోందన్నారు.

ఆ 24లోనే ఉంది జవాబు. బిట్లను వర్డ్‌లనే గుత్తులుగా దాస్తారు, ఇక్కడ ఒక్కో వర్డ్‌లో 64 బిట్లు పడతాయి. 1000 బిట్లకు 16 వర్డ్‌లు కావాలి, అంటే 1024 చోట్లు. మిగిలిన 24 ఖాళీ సున్నాలు. ఆగినవాటి కోసం మీరు మొత్తం తిరగేసి (0ని 1గా, 1ని 0గా మార్చి) ఒకట్లు లెక్కపెట్టారు కాబట్టి ఆ ఖాళీలూ ఒకట్లయి లెక్కలోకొచ్చాయి. తిరగేసిన ప్రతిసారీ చివరి వర్డ్‌లో కింది 40 బిట్లు మాత్రమే మిగిలేలా మాస్క్ (అక్కర్లేని బిట్లను సున్నా చేసే బిట్ల నమూనా) వేయండి. మాస్క్ కట్టేటప్పుడు 1ని 40 చోట్లు ఎడమకు జరిపి అందులోంచి 1 తీసేస్తారు కదా, ఆ జరిపే 1ని 64 బిట్ల రకంగానే రాయండి. 32 బిట్ల ఇంట్‌ని (పూర్ణాంక రకాన్ని) 40 చోట్లు జరిపితే అది పనికిరాదు. చాలామంది ఇక్కడే పడతారు.

చోటు చాలనప్పుడు ఒక్కో వర్డ్ చేర్చకుండా రెట్టింపు చేయండి, కొత్త వర్డ్‌లను సున్నా చేయండి. జావా భాషలో సిద్ధంగా దొరికే బిట్ వెక్టార్ అయిన బిట్‌సెట్ తానే పెరుగుతుంది గానీ, దాని లెంగ్త్ చివరి 1 దాకానే చెబుతుంది. అందుకని గుంటల సంఖ్యను విడిగా దాచుకోండి. వెయ్యి గుంటల సంగతీ 128 బైట్లలో ఇమిడిపోతుంది, నాకీ పద్ధతి నచ్చేది అందుకే.