ఇంగ్లండు నుంచి అమెరికా చేరినవారికి భాష ఎంతవరకు అక్కరకు వచ్చింది?

19వ శతాబ్దంలో ఇంగ్లండు నుంచి అమెరికాకు వలస వెళ్ళినవారికి భాష ఒకటే కనుక స్థిరపడడం తేలికయ్యుండాలి కదా అని మీరు అడిగారు. నేను విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాను. ఇక్కడికి గంట ప్రయాణంలో ఉన్న మినరల్ పాయింట్ అనే చిన్న ఊరికి పలుమార్లు వెళ్ళి చూసిన మీదట, వారిని నిలబెట్టింది భాషకన్నా చేతిలోని పనే అని నాకు గట్టిగా అనిపిస్తోంది.

ఇంగ్లండు నైరుతి కొసనున్న కార్న్‌వాల్ నుంచి గని కార్మికులు 1830లలో ఆ ఊరికి రాసాగారు. అంతకుముందు వచ్చినవారు సీసపు ఖనిజాన్ని పైపొరల్లో దొరికినంత మేర తవ్వుకున్నారు. గట్టి రాతిని తొలిచి, మందు దట్టించి పేల్చి, లోతుకు దిగడం మాత్రం తరతరాలుగా తగరం, రాగి గనుల్లో బతికిన కార్న్‌వాల్ వారికి అబ్బిన విద్య.

ప్రయాణం చాలా కష్టమైనది. తెరచాప ఓడలో అట్లాంటిక్ దాటడానికి ఐదారు వారాలు, గాలి కలిసిరాకపోతే అంతకన్నా ఎక్కువే పట్టేది. 1842 నాటి బ్రిటిష్ చట్టం ప్రకారం ఓడవారు మనిషికి రోజుకు 3 క్వార్టుల నీళ్ళు, అంటే సుమారు 3.4 లీటర్లు ఇవ్వాలి. చంటిబిడ్డ ఉన్న తల్లి ఆ కాసిని నీళ్ళతో ఎలా నెట్టుకొచ్చిందో తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. న్యూయార్క్‌లో దిగాక కూడా, ఆల్బనీ నుంచి బఫలో వరకు 363 మైళ్ళ ఈరీ కాలువలో పడవ మీద, ఆపైన సరస్సుల మీదుగా పడమటికి సాగవలసి వచ్చేది.

మినరల్ పాయింట్‌లోని షేక్ ర్యాగ్ వీధిలో వారు కట్టుకున్న సున్నపురాతి ఇళ్ళు కొన్ని ఇంకా నిలిచి ఉన్నాయి. గోడ దాదాపు మూరెడు మందం, కిటికీ గూటిలో మనిషి కూర్చోవచ్చు. భోజనవేళ ఆడవాళ్ళు గుమ్మంలో నిలబడి గుడ్డ ఊపి, ఎదుటి కొండమీది గనుల్లోని మగవాళ్ళను పిలిచేవారట. షేక్ ర్యాగ్ అంటే గుడ్డ ఊపడం; వీధికి ఆ పేరు అందుకే వచ్చిందని చెబుతారు. మాంసం, బంగాళాదుంప, ఉల్లి కూరి కాల్చిన పాస్టీని అక్కడ చూసి మా అమ్మ "ఇది కజ్జికాయే, అంచు కూడా అలాగే మడిచారు" అంది. గనిలోకి పట్టుకెళ్ళి పళ్ళెం లేకుండా తినడానికి వీలైన తిండి అది.

1849లో కాలిఫోర్నియా బంగారం కబురు విని వారిలో చాలామంది ఆ ఇళ్ళను వదిలి మళ్ళీ పడమటికి కదిలారు. పాడుబడిన ఒక ఇంటిని 1935లో రాబర్ట్ నీల్, ఎడ్గర్ హెల్లమ్ కొని బాగుచేసి, పెండార్విస్ అని కార్న్‌వాల్ పేరు పెట్టారు. నేను చెయ్యి ఆనించి చూసిన గోడ ఆ ఇంటిదే.