పాత పిల్లర్ డ్రిల్లులో బిట్టు ఊగుతుంటే ముందు బేరింగులు విప్పకండి

అన్నా, ఆదోనిలో మూతపడిన జిన్నింగ్ మిల్లు సామాన్లలో పాత పిల్లర్ డ్రిల్లు (నిలువు స్తంభానికి బిగించి ఉండి, బిట్టును తిప్పి ఇనుముకు రంధ్రాలు పెట్టే మిషన్) కొన్నానని, తిరిగేటప్పుడు బిట్టు కొన ఊగుతోందని, మోటారు ఒక్కోసారి తిరగకుండా గుయ్‌మని మోగుతోందని రాశారు. మెకానిక్ బేరింగులన్నీ మార్చాలన్నాడట. మార్పించాలా, మళ్లీ పాత ఇనుము అంగడికే వేయాలా అని అడిగారు.

రెండూ ఇప్పుడే వద్దు. ఆ ఊగు ఎక్కడ పుడుతోందో ముందు తేల్చండి. దానికి ఒక సాయంత్రం, ఒక సుద్దముక్క చాలు. నేను ఆ పని చేయకుండా బేరింగుల మీద పడి డబ్బు పోగొట్టుకున్నాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నాది అనంతపురంలో గేట్లు, గ్రిల్స్ పని. ఆరేళ్ల కింద తాడిపత్రిలో ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీ ఎత్తేస్తుంటే పదకొండు వేలకు ఒక పిల్లర్ డ్రిల్లు తెచ్చుకున్నాను. 10 మిల్లీమీటర్ల బిట్టు పెడితే రంధ్రం పదిన్నర దాకా పోయేది. ఒక వర్క్‌షాపులో స్పిండిల్ (బిట్టును తిప్పే ఇరుసు) విప్పి పైనా కిందా బేరింగులు మార్చారు. మిషన్ ఇంటికి తెచ్చి తిప్పితే ఊగు అలాగే ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్వాత మా వీధి చివర లేత్ నడిపే పెద్దాయన వచ్చి, బిట్టును పళ్లతో పట్టే చక్ ఊడదీసి, స్పిండిల్‌లోకి దూరే దాని షాంక్ మీద గోరు పెట్టి నెమ్మదిగా లాగాడు. ఒకచోట గోరు తట్టుకుంది. ఎవరో ఎప్పుడో సుత్తితో కొట్టిన దెబ్బకు అక్కడ ఇనుము చిన్న మొటిమలా లేచి ఉంది. అంతే రోగం.

స్పిండిల్ లోపల రంధ్రం పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. దాన్నే మోర్స్ టేపర్ అంటారు. చక్ షాంక్ కూడా అదే వాలులో ఉంటుంది. దాన్ని పట్టి ఉంచేది బోల్టు కాదు, రెండు ఉపరితలాలూ నిండుగా అతుక్కోవడం వల్ల పుట్టే రాపిడి. మధ్యలో చిన్న ఇనుప పొట్టు చేరినా షాంక్ ఒక పక్కకు వాలుతుంది. ఆ వాలు బిట్టు కొన దగ్గరికి వచ్చేసరికి రెండు మూడు రెట్లు పెరిగి కనిపిస్తుంది.

ప్లగ్గు పీకేసి ఈ పరీక్ష చేయండి. ముందు బిట్టు వంకర కాదని తేలాలి. దాన్ని పాలిష్ బండ మీద గానీ అద్దం మీద గానీ దొర్లించండి. కింద వెలుతురు సందు మారుతూ కనిపిస్తే అది పారేయాల్సిన బిట్టు. నిటారుగా ఉన్నదాన్ని చక్‌లో బిగించి పుల్లీని చేత్తో మెల్లగా తిప్పండి. కొన సున్నా చుడుతోందా? ఇప్పుడు తిప్పడం ఆపి, చక్‌ను పట్టుకుని పక్కకు నెట్టి లాగండి. కదలకుండా గట్టిగా ఉంటే మీ బేరింగులు బాగున్నట్టే, తప్పు చక్‌లోనో టేపర్‌లోనో ఉంది. నెడితే టకటకమని ఆడుతుంటే అప్పుడు బేరింగులో, స్పిండిల్‌ను పైకీ కిందకీ దింపే క్విల్ గొట్టమో అరిగినట్టు. క్విల్ లాక్ బిగించి మళ్లీ నెట్టండి. ఆట పోతే క్విల్ అరిగింది, పోకపోతే బేరింగు. క్విల్ బాగా అరిగిన మిషన్ మీద మాత్రం డబ్బు పెట్టమని నేను చెప్పను.

టేపర్ మీద అనుమానం వస్తే, కొన ఎటు ఎక్కువ జరుగుతోందో చూసి స్పిండిల్ మీదా చక్ మీదా ఆ వైపున సుద్దతో గీతలు పెట్టండి. స్పిండిల్ పక్కనున్న సందులో డ్రిఫ్ట్ అనే ఏటవాలు ఇనుప పట్టీ దూర్చి తడితే చక్ ఊడి వస్తుంది. కింద టేబుల్ మీద చెక్క పరచండి, లేకపోతే పడి దెబ్బ తింటుంది. రంధ్రాన్నీ షాంక్‌నూ కిరోసిన్ గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, చక్‌ను సగం చుట్టు తిప్పి ఎక్కించండి. ఊగు చక్ గీతతో పాటు అటు మారితే తప్పు చక్‌ది. స్పిండిల్ గీత వైపే ఉండిపోతే తప్పు రంధ్రానిది. షాంక్ పొడవునా మార్కర్‌తో నాలుగు గీతలు గీసి, ఎక్కించి కొంచెం తిప్పి తీస్తే ఎక్కడ రాసుకుంటోందో చెరిగిన చోటు చెబుతుంది. మొటిమ ఉంటే నున్నటి సానరాయితో అంతవరకే రుద్దండి. ఆకురాయి పెట్టారంటే టేపర్ పాడవుతుంది. నాది రుద్దితే సగం తగ్గింది, మిగతా సగం చక్ పళ్ల అరుగుదల. కొత్త చక్, షాంక్ వేశాక 10 బిట్టుకు 10 రంధ్రమే పడుతోంది.

చక్ ఎక్కించేటప్పుడు పళ్లు పూర్తిగా లోపలికి తిప్పి, చెక్క సుత్తితో ఒక్క దెబ్బ చాలు. ఇనుప సుత్తి వద్దు.

ఇక మోటారు. మిల్లు మిషన్ కాబట్టి ముందు మోటారు మీద వివరాలు రాసి ఉండే ప్లేటు చూడండి. త్రీఫేజ్ అయితే ఆ గుయ్‌మనడం ఒక ఫేజ్ రాకపోవడం వల్ల కావచ్చు, వెంటనే ఆపకపోతే వైండింగ్ కాలిపోతుంది. సింగిల్ ఫేజ్ అయితే మొదటి అనుమానం కెపాసిటర్, అంటే మోటారు తిరగడం మొదలుపెట్టడానికి ఊపునిచ్చే చిన్న డబ్బా. బెల్టు తీసి చూడండి, అప్పుడూ తిరగకుండా మోగితే అదే కావచ్చు. ప్లగ్గు పీకినా అందులో కరెంటు నిలిచి ఉంటుంది. పాత ఫిలమెంట్ బల్బు తీగలు తాకించి ఖాళీ చేశాకే చేయి పెట్టండి. కొత్తది అదే మైక్రోఫారడ్, అంతకు తగ్గని ఓల్టేజ్ ఉన్నది వేయండి. "ఒక్కోసారి" అన్నారు కాబట్టి మీ ఇంటి ఓల్టేజ్ కూడా కొలవండి. మోటారు బలం ఓల్టేజ్ వర్గాన్ని (ఓల్టేజ్‌ను దానితోనే గుణించిన లెక్కను) బట్టి ఉంటుంది. 230 నుంచి 180కి పడితే బలం 60 శాతం దగ్గరికి దిగిపోతుంది. మా వీధిలో సాయంత్రం అలాగే పడేది, నేను పొద్దున్నే పని పెట్టుకునేవాణ్ని. ఎర్త్ తీగ మిషన్ ఒంటికి బిగించకుండా మాత్రం ఆన్ చేయకండి.

బెల్టు ఏళ్ల తరబడి ఒకే వంపులో ఉండిపోయి ఉంటే దడదడమంటుంది. కొత్తది తక్కువ ఖర్చే, మార్చేయండి. హ్యాండిల్‌ను పైకి లాగే స్ప్రింగ్ డబ్బా మూత మాత్రం ఒంటరిగా విప్పొద్దు. చుట్టి ఉన్న స్ప్రింగ్ విసురుగా తిరిగి వేళ్లు కోస్తుంది.

నడవడం మొదలయ్యాక వేగం సరిచూసుకోండి. మైల్డ్ స్టీల్‌కు 10 మిల్లీమీటర్ల హెచ్.ఎస్.ఎస్. (హై స్పీడ్ స్టీల్) బిట్టు నిమిషానికి 800 చుట్ల దగ్గర బాగుంటుంది, 6 బిట్టుకు 1300. పాత మిషన్లలో బెల్టు పై మెట్టు మీదే వదిలేసి బిట్లు కాల్చేస్తుంటారు. చేతికి గ్లవుజులు వద్దు, ముక్కను వైస్‌లో బిగించే పెట్టండి.

సుద్ద పరీక్షలో ఊగు ఏ గీత వైపు వచ్చిందో, మోటారు ప్లేటు మీద ఏముందో ఇక్కడే రాయండి. చక్ కొనాలో వద్దో దాన్ని బట్టి చెబుతాను.