కౌన్సిల్ సమావేశం వినడానికి వెళ్తే గేటు దగ్గరే ఆపేయవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో ఒక మునిసిపాలిటీ. మునిసిపల్ కాంప్లెక్స్ షాపుల లీజు పొడిగింపు కౌన్సిల్‌కు వస్తోందని విని వెళ్తే, ‘ఇది సభ్యుల సమావేశం’ అంటూ గేటు దగ్గరే ఆపేశారు. ముందు రోజు రాత్రే ఛాంబర్‌లో కౌన్సిలర్లు కూర్చుని తేల్చేసుకున్నారట. అజెండాలో లేని ఆ అంశాన్ని టేబుల్ అజెండాగా, అంటే అప్పటికప్పుడు సభ ముందు పెట్టి ఆమోదించారు. మినిట్స్ (సమావేశంలో జరిగినదాని రాతపూర్వక నమోదు) కాపీ అడిగితే ‘వచ్చే సమావేశంలో ధ్రువీకరించాక చూద్దాం’ అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: మీ ఊరికి వర్తించేది 1965 నాటి ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టం. విజయవాడ, గుంటూరు నగరాలు కార్పొరేషన్లు కాబట్టి వాటి చట్టం వేరు. మీ చట్టం ప్రకారం కౌన్సిల్ సమావేశానికి ప్రజలు రావచ్చు. ఏదైనా ఒక అంశం చర్చకొచ్చినప్పుడు బయటివాళ్లను వెళ్లిపొమ్మనే అధికారం అధ్యక్ష స్థానంలో ఉన్నవారికి ఉంది, కానీ కారణం మినిట్స్ పుస్తకంలోకి ఎక్కాలి. గేటు దగ్గర అటెండర్ చెప్పిన మాట అలాంటి ఉత్తర్వు కాదు. అయితే మీకున్నది కూర్చుని వినే హక్కే. లేచి మాట్లాడితే, గొడవ చేస్తే బయటికి పంపవచ్చు. సెల్‌ఫోన్‌లో రికార్డు చేయాలంటే ముందే అనుమతి అడగండి.

ఛాంబర్ మంతనాల మీద మీకు కోపం రావడం సహజమే, కానీ కేసుగా అది నిలబడదు. అమెరికాలోని ఫ్లోరిడాలో ఒకే బోర్డు సభ్యులు ఇద్దరు రాబోయే అంశం గురించి విడిగా మాట్లాడుకున్నా బహిరంగ సమావేశాల చట్టం పట్టుకుంటుంది. మన చట్టం అంత దూరం పోలేదు. ఇక్కడ చూసేది సమావేశం పద్ధతి ప్రకారం జరిగిందా అని. ఛాంబర్‌లో సంతకాలు పెట్టించుకున్న కాగితం తీర్మానం కాదు.

అసలు పట్టు టేబుల్ అజెండాలో ఉంది. సమావేశం నోటీసుతో పాటు చర్చించే అంశాలు కూడా కనీసం 3 పూర్తి రోజుల ముందు సభ్యులకు అందాలి. నోటీసు రోజు, సమావేశం రోజు లెక్కలోకి రావు. శుక్రవారం సమావేశమైతే సోమవారంలోగా అందాలన్నమాట. అత్యవసరమైతే గడువు తగ్గించవచ్చు. తాగునీటి పైపు పగిలితే అత్యవసరమే. లీజు గడువు ఎప్పుడు ముగుస్తుందో మాత్రం ఆఫీసుకు ఏళ్ల ముందే తెలుసు! పొడిగింపు వల్ల లాభపడే షాపు ఏ కౌన్సిలర్‌దైనా అయితే, ఆయన చర్చలో పాల్గొనకూడదు, ఓటు వేయకూడదు. అది కూడా చూడండి.

ఇక కాగితాలు. సమాచార హక్కు చట్టం, 2005 కింద పౌర సమాచార అధికారికి దరఖాస్తు ఇవ్వండి. రుసుము 10 రూపాయలు. నగదు కడితే రసీదు అడిగి తీసుకోండి. తెల్ల రేషన్ కార్డు ఉంటే ఆ నకలు జత చేయండి, రుసుము ఉండదు. ‘ఎందుకు ఆమోదించారు’ అని రాయకండి, ఆఫీసులో ఉన్న రికార్డే ఇస్తాం అని తిప్పి పంపుతారు. ఫలానా తేదీ సమావేశం నోటీసు, అజెండా, అవి అందినట్టు సభ్యులు సంతకం చేసిన రిజిస్టరు, టేబుల్ అజెండాగా పెట్టిన ఆఫీసు నోట్, హాజరు పట్టీ, తీర్మానం ఉన్న మినిట్స్ పేజీలు, అసమ్మతి నోటు ఉంటే అది, ప్రజలను బయటికి పంపిన ఉత్తర్వు అని విడివిడిగా అడగండి. చివరిది ‘లేదు’ అని రాసిచ్చినా అది మీకే పనికొస్తుంది. ఇదే చట్టం సెక్షన్ 4(1)(బి)(viii) ప్రకారం, సమావేశాలకు ప్రజలు రావచ్చా, మినిట్స్ చూడవచ్చా అన్నది ఆ ఆఫీసే ప్రకటించి ఉంచాలి. ఆ ప్రకటన నకలు కూడా అడగండి. మినిట్స్ పుస్తకాన్ని స్వయంగా చూస్తానని దరఖాస్తులోనే రాయండి: జెరాక్సులో కనపడని కొట్టివేతలు, ఇరికించిన పంక్తులు పుస్తకంలో కనపడతాయి.

ధ్రువీకరణ కాలేదన్నది మినహాయింపు కాదు. ఏ సమాచారం ఇవ్వనక్కర్లేదో చెప్పే సెక్షన్ 8లో అలాంటి మాటే లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. గడువు దాటాక ఇచ్చే నకళ్లకు డబ్బు తీసుకోకూడదు.

తీర్మానాన్ని నిలిపివేసే, రద్దు చేసే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది. మునిసిపల్ శాఖకు రిజిస్టర్డ్ పోస్టులో ఇప్పుడే అర్జీ పంపండి, నకళ్లు చేతికొచ్చాక జతపరచవచ్చు. అవతలివాళ్ల లీజు ఒప్పందం రిజిస్ట్రేషన్ దాకా పోతోందని తెలిస్తే మాత్రం సమాచార హక్కు గడువుల కోసం ఆగకుండా అమరావతిలోని హైకోర్టులో రిట్ (అధికారుల చర్యను ప్రశ్నించే పిటిషన్) వేయాలి. ఆ షాపుల్లో దేనికోసమైనా వేలంలో పాడే ఉద్దేశం మీకుంటే పిటిషన్‌లో అది స్పష్టంగా రాయించండి. ‘నీకేమిటి సంబంధం’ అన్నదే అవతలి లాయరు మొదటి ప్రశ్న అవుతుంది.